స్ప్లెండర్ ప్లస్: మన తొవ్వల మీద, మన ఎండల్లో ఎట్లా నిలుస్తుంది

వరంగల్ చుట్టుపక్కల ఏ మెకానిక్ షెడ్డుకు పోయినా మూడు తరాల స్ప్లెండర్లు పక్కపక్కనే నిలబడి ఉంటాయి. ఏపీ 36 నంబరుతో, ట్యాంకు మీద హీరో హోండా అని ఉన్నవి. టీఎస్ 03 నంబరుతో హీరో అని ఉన్నవి. 2024 మార్చి తర్వాత టీజీ నంబరుతో రోడ్డెక్కినవి. పేరు ఒకటే అయినా ఇవి ఒకే బండి కావు. పాతదానికి పనికొచ్చే వైద్యం కొత్తదానికి చేస్తే నష్టమే. అందుకే షోరూమ్ కాగితంలో ఉండే గొప్పలు పక్కన పెట్టి, మన దుమ్ములో, రేగడి బురదలో, ఎండలో ఈ బండిలో ఏది ముందు అరుగుతుంది, ఎందుకు అరుగుతుంది, ఎవరికి ఈ బండి సరిపోతుంది అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

1994లో వచ్చిన బండి ఇది. ఇంజన్ 97.2 సీసీ, అంటే బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 50 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 49.5 మి.మీ. ఈ కొలత నేటికీ మారలేదు. మారినవి చుట్టూ ఉన్నవి. 2011లో పేరులోంచి హోండా పోయింది. 2017లో హెడ్‌లైట్ ఆర్పే స్విచ్ తీసేశారు. 2019లో వెనక బ్రేకు తొక్కితే ముందుది కూడా పట్టే కంబైన్డ్ బ్రేకు వచ్చింది. 2020లో బీఎస్6 కాలుష్య నిబంధనలతో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఈ చివరి మార్పే అన్నిటికన్నా పెద్దది. ఇప్పటి బండికి 8,000 ఆర్‌పీఎం దగ్గర 8.02 పీఎస్ పవరు, 6,000 దగ్గర 8.05 న్యూటన్ మీటర్ల టార్కు. గేర్లు నాలుగు, ట్యాంకు 9.8 లీటర్లు, బరువు 112 కిలోలు.

ఈ లెక్కల అర్థం నడిపితే తెలుస్తుంది. మూడో గేరులో 30, నాలుగో గేరులో 40 నుంచి 55 మధ్య ఈ ఇంజన్ హాయిగా ఉంటుంది. 65 దాటిందంటే ఫుట్‌రెస్టులోనూ హ్యాండిల్‌లోనూ వణుకు మొదలవుతుంది, మైలేజ్ కూడా అక్కడి నుంచే పడిపోతుంది. ఊరికీ టౌనుకూ మధ్య ఒక్కరే 45-50 వేగంతో పోతే లీటరుకు 60 దాటడం మామూలే. హన్మకొండ చౌరస్తా, కాజీపేట వైపు ట్రాఫిక్‌లో 50-55 వస్తే బండి ఆరోగ్యంగా ఉన్నట్టే. మైలేజ్ చూడాలంటే వంద రూపాయల పెట్రోలు పోయించి లెక్క కట్టొద్దు. ఒకే బంకులో నిండుగా కొట్టించి, మీటరు రాసుకొని, కనీసం 200 కి.మీ. తిరిగాక మళ్ళీ అక్కడే నిండుగా కొట్టించి లీటర్లతో భాగించాలి. 40కి పడిపోయిందంటే ముందు చూడాల్సింది ఇంజన్‌ని కాదు. బండిని మెయిన్ స్టాండు వేసి వెనక చక్రం చేత్తో తిప్పండి. రెండు చుట్లు కూడా తిరగకుండా ఆగిపోతే బ్రేకు పట్టుకొని ఉంది, లేకుంటే చైన్ బిగుసుకుంది. మైలేజ్ ఫిర్యాదుల్లో చాలావాటి కథ అక్కడే తేలిపోతుంది.

ఈ బండి ఆయుష్షు ఆయిల్ మీద ఉంది. ఇంజన్‌కూ గేర్లకూ క్లచ్‌కూ ఒకే ఆయిల్, అదీ లీటరు లోపే. కొద్దిపాటి ఆయిల్ ఇన్ని పనులు చేస్తుంది కాబట్టి తొందరగా చెడిపోతుంది. గ్రేడు 10డబ్ల్యూ30, డబ్బా మీద జాసో ఎంఏ (బైకు క్లచ్‌కు సరిపడే ఆయిల్ అనే గుర్తు) అని ఉండాలి. షెడ్డులో మిగిలిన కారు ఆయిల్ పోయించుకునేవాళ్ళున్నారు. కారు ఆయిల్‌లో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు, క్లచ్ ప్లేట్లకేమో ఆ రాపిడే కావాలి. ఫలితం క్లచ్ జారడం. పరీక్ష సులువు: నాలుగో గేరులో 40 మీద పోతూ యాక్సిలరేటర్ ఒక్కసారి పూర్తిగా తిప్పండి. సప్పుడు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. అయితే ప్లేట్లు మార్చే ముందు లివరు ఆట చూడాలి. చివర దగ్గర 10 నుంచి 20 మి.మీ. ఖాళీ ఉండాలి. ఖాళీ లేకుండా కేబుల్ బిగిస్తే కొత్త ప్లేట్లు కూడా కాలిపోతాయి.

కంపెనీ పుస్తకం 6,000 కి.మీ.కి ఆయిల్ మార్చి, మధ్యలో 3,000 దగ్గర తగ్గినంత పోయమంటుంది. మంచి రోడ్డు మీద, రోజూ దూరం పోయే బండికి అది సరిపోవచ్చు. ఏప్రిల్, మే ఎండల్లో రామగుండం, మంచిర్యాల వైపు తిరిగే బండికి, ఊళ్ళో రెండు కిలోమీటర్లు పోయి ఆపి మళ్ళీ స్టార్ట్ చేసే బండికి 3,000కే మార్చడం మేలని నా అభిప్రాయం. ఇంజన్ రిపేరు ఖర్చు ముందు ఒక ఆయిల్ డబ్బా ఖర్చు లెక్కలోకే రాదు. మార్చేటప్పుడు ఇంజన్ వేడిగా ఉండాలి, అప్పుడే మడ్డి కిందికి దిగుతుంది. పోసేటప్పుడు డబ్బా మొత్తం వంచేయొద్దు. డ్రైన్ చేసినప్పుడు కొంత ఆయిల్ లోపలే ఉండిపోతుంది. మెయిన్ స్టాండు మీద నిలబెట్టి, ఇంజన్ రెండు మూడు నిమిషాలు నడిపి ఆపి, ఆయిల్ కిందికి దిగాక డిప్‌స్టిక్ తుడిచి, మరలు తిప్పకుండా ఊరికే ఆనించి తీసి చూడాలి. రెండు గీతల మధ్య ఉంటే చాలు. పై గీత దాటితే ఇంజన్ బరువెక్కుతుంది, ఆ ఎక్కువైనది ఇంజన్ బ్రీదర్ గొట్టం దారిలో ఎయిర్ బాక్సుకు చేరుతుంది.

ఎక్కువమంది పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. ఈ ఇంజన్‌కు కార్లలో లాగా విప్పి పడేసే కాగితం ఆయిల్ ఫిల్టర్ లేదు. కుడివైపు కవరు లోపల గిరగిరా తిరిగే చిన్న గిన్నె ఉంటుంది. ఆయిల్‌లోని మడ్డి, లోహపు పొడి దాని అంచుకు అతుక్కొని గట్టి మైనంలా పేరుకుంటుంది. దాని కింద ఒక జాలీ. షెడ్డులో ఆయిల్ మార్చడమంటే కింది బోల్టు విప్పి కారబెట్టడమే. ఆ గిన్నె, జాలీ జోలికి ఎవరూ పోరు. 12,000 కి.మీ.కి ఒకసారైనా కవరు విప్పించి, పేరుకున్నది గీకించి, కిరోసిన్‌తో కడిగించి, కొత్త గ్యాస్కెట్‌తో బిగించాలి. పాత గ్యాస్కెట్‌కే గమ్ము రాసి బిగిస్తే నెలలోపే ఆయిల్ చెమ్మ కనబడుతుంది. కింది డ్రైన్ బోల్టు విషయం కూడా చెప్పాలి. ఇంజన్ కేసు అల్యూమినియం, బోల్టు ఉక్కు. పొడుగు పానా పెట్టి బలమంతా చూపిస్తే కేసులో మరలు పోతాయి. ఆ తర్వాత టేపు చుట్టి బిగించడం, పెద్ద సైజు బోల్టు దూర్చడం, చివరికి కేసు మార్చడం. వాషరు కొత్తది వేసి, చిన్న పానాతో చేతికి బిగువు తగలగానే ఆపేయమని పక్కన నిలబడి చెప్పండి.

పొగ చూసి రోగం చెప్పొచ్చు. పొద్దున స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో నీలిపొగ వచ్చి తర్వాత ఆగిపోతే వాల్వ్ సీళ్ళు గట్టిపడ్డాయి. అది చిన్న పని. రోడ్డు మీద గుంజినప్పుడల్లా నీలిపొగ వస్తుంటే రింగులు, బోరు అరిగినట్టు. మొదటిదానికి కూడా బోరు చేయాలని ఖర్చు చెప్పేవాళ్ళు ఉంటారు కాబట్టి ఈ తేడా గుర్తుంచుకోవాలి.

బోరు అరగడానికి అసలు కారణం చాలాసార్లు దుమ్మే. కరీంనగర్ గ్రానైట్ క్వారీల రోడ్లు, భూపాలపల్లి, గోదావరిఖని బొగ్గు లారీల రోడ్లు, రైస్ మిల్లుల ముందు లేచే పొట్టు, ఇవన్నీ ఎయిర్ ఫిల్టర్ మీదికే వస్తాయి. పాత కార్బురేటర్ బండ్లలో చాలావాటిలో ఉన్నది స్పాంజి. దాన్ని కిరోసిన్‌లో కడిగి, మెలి తిప్పకుండా అరచేతుల మధ్య ఒత్తి, ఆరబెట్టి, ఇంజన్ ఆయిల్‌లో ముంచి మళ్ళీ ఒత్తి పెట్టొచ్చు. కొత్త బండ్లలోది ఆయిల్ పూసిన కాగితం ఫిల్టర్. దాన్ని కడగకూడదు, గాలి కొట్టకూడదు. గాలి కొడితే పూత పోతుంది, కాగితానికి కంటికి కనబడని చిరుగులు పడతాయి, అక్కడి నుంచి దుమ్ము నేరుగా బోరులోకి పోతుంది. సర్వీసులో గాలి కొట్టి శుభ్రం చేశామని చెబితే సంతోషపడొద్దు, కొత్తది వేయమనండి. క్వారీ, గని రోడ్ల మీద తిరిగేవాళ్ళు పుస్తకంలో రాసిన కిలోమీటర్లలో సగానికే మార్చడం మంచిది. ఎయిర్ బాక్సు కింద మూత పెట్టిన చిన్న ట్యూబు వేలాడుతుంటుంది. దాంట్లో నల్లని ఆయిలో నీళ్ళో చేరితే మూత తీసి వదిలేయాలి.

చైన్ సంగతికొస్తే, స్ప్లెండర్ చైన్‌కు పూర్తి కవరు ఉంది. అది మంచిదే, చీర కొంగు, పంచె చిక్కుకోవు, దుమ్ము తక్కువ. కానీ కనబడనిది గుర్తుకు రాదు. వానాకాలం మొదలై దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టర్ల కేజ్ వీల్స్ పొలం బురదనంతా రోడ్డు మీదికి తెస్తాయి. ఆ రేగడి చైన్ కవరులో చేరి, ఎండకు గట్టిపడి, చైన్‌తో పాటు రాపిడి పెడుతుంది. వరి కోతలప్పుడు గడ్డిపోచలు వెనక ఇరుసుకు, స్ప్రాకెట్ పక్కన బుష్షుకు చుట్టుకుంటాయి. వానాకాలం మధ్యలో ఒకసారి, అయిపోయాక ఒకసారి కవరు రెండు ముక్కలూ విప్పి, కిరోసిన్ బ్రష్‌తో కడిగి, ఆరాక 90 నంబరు గేర్ ఆయిల్ చైన్ లోపలి వైపు పట్టించాలి. కాలిన ఇంజన్ ఆయిల్ పూయొద్దు, దాంట్లో ఉన్న లోహపు పొడే ఆకురాయి పని చేస్తుంది.

బిగింపు చూడాలంటే కవరుకున్న రబ్బరు మూత తీసి వేలితో పైకీ కిందికీ కదపాలి. 25 నుంచి 30 మి.మీ. ఆట ఉండాలి. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, ఎక్కడ అన్నిటికన్నా బిగుతుగా ఉందో అక్కడ ఈ కొలత పెట్టాలి. సప్పుడు రావొద్దని చైన్ బిగించేస్తే ముందు చిన్న స్ప్రాకెట్ వెనక ఆయిల్ సీల్ లీకవుతుంది, తర్వాత గేర్‌బాక్సు బేరింగు పోతుంది. రెండు వైపులా ఉన్న గుర్తులు సమానంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. చైన్ జరిపితే వెనక బ్రేకు రాడ్డు కూడా బిగుసుకుంటుంది, అది మళ్ళీ సర్దకుండా బండి బయటికి తేవొద్దు. చైన్ లాకు క్లిప్పు మూసి ఉన్న వైపు చైన్ నడిచే దిక్కుకు ఉండాలి. తిరగేసి పెడితే కవరుకు తగిలి ఊడిపోయే ప్రమాదం ఉంది. చైన్ ఒక్కటే మార్చి అరిగిన స్ప్రాకెట్లు ఉంచితే కొత్త చైన్ కూడా వాటిలాగే అరుగుతుంది. మూడూ కలిపి మార్చాలి. చైన్ బాగానే ఉండి, యాక్సిలరేటర్ వదిలి పట్టుకున్నప్పుడల్లా బండి కుదుపు ఇస్తుంటే వెనక హబ్బులోని రబ్బర్లు నలిగాయి. చాలా తక్కువ ఖర్చులో పోయే జబ్బు అది.

ఇంజన్ వాల్వులను నొక్కే ట్యాపెట్ల గురించి గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. సప్పుడు లేని బండి మంచి బండి అనే నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. టిక్కుటిక్కుమంటుంటే తగ్గించమని అడుగుతారు, మెకానిక్ ట్యాపెట్లు బిగిస్తాడు, బండి నిశ్శబ్దం అవుతుంది, అందరికీ సంతోషం. లోపల జరిగేది వేరు. వేడికి సాగిన వాల్వ్ పూర్తిగా మూసుకోదు, మండే గాలి సందులోంచి పోతుంది, వాల్వ్ అంచు కాలుతుంది. అప్పుడు బండి చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవుతుంది, వేడెక్కాక ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదు. వాల్వ్‌కూ ట్యాపెట్‌కూ మధ్య ఉండాల్సిన ఖాళీ మిల్లీమీటరులో చాలా చిన్న భాగమే, దాన్ని చెవితో కొలవడం కుదరదు. ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకులు) ఉన్న మెకానిక్ దగ్గర, రాత్రి నుంచి ఆపి ఉంచిన చల్లని ఇంజన్ మీదే చేయించాలి. బండి నడుపుకుంటూ పోయి వెంటనే ట్యాపెట్ పెట్టించుకుంటే ఆ కొలత తప్పే. సన్నని టిక్కుటిక్కు ఉంటే ఉండనీయండి. టకటక అని మొద్దు సప్పుడు హెడ్ ఎడమ వైపు నుంచి వస్తూ, స్పీడు పెంచితే మారుతుంటే అది టైమింగ్ చైన్. దాన్ని మాత్రం వాయిదా వేయొద్దు.

బ్రేకులే ఈ బండిలో నాకు నచ్చని భాగం. ముందూ వెనకా 130 మి.మీ. డ్రమ్ములు. ఒక్కరే 50 మీద పోతుంటే చాలినంత పట్టు ఉంది. ఇద్దరు కూర్చొని ఒక మూట పెడితే లేదు. కంబైన్డ్ బ్రేకు వల్ల మామూలు రోడ్డు మీద ఆగే దూరం తగ్గింది, అది నిజమైన మేలు. కానీ మన దగ్గర వానాకాలం పంట చేతికొచ్చినప్పుడూ, యాసంగి కోతలప్పుడూ సగం రోడ్డు మీద వడ్లు, మక్కలు ఆరబోసి ఉంటాయి. మక్కల మీద బండి ఎక్కితే చక్రం కింద బాల్ బేరింగులు పోసినట్టే. అక్కడ వెనక బ్రేకు తొక్కితే ముందు చక్రం కూడా పట్టుకొని పక్కకు జారుతుంది. పాత బండి అలవాటున్నవాళ్ళు ఇది తెలుసుకోవాలి. అలాంటి చోట ముందే యాక్సిలరేటర్ వదిలి, గేరు తగ్గించి, హ్యాండిల్ నేరుగా ఉంచి, ఏ బ్రేకూ తాకకుండా దాటాలి. కుప్పల పక్కన రాళ్ళు పెట్టి, నల్ల పట్టాలు కప్పి ఉంటాయి, రాత్రిపూట ఆ నలుపు కనబడదు.

పెడలు ఆట 20 నుంచి 30 మి.మీ. ఉంచాలి. ముందు చక్రానికి పోయే కేబుళ్ళలో తుప్పు చేరితే లివరు వదిలినా బ్రేకు వెనక్కి రాదు. డ్రమ్ము దగ్గర చేయి పెడితే వేడి తగులుతుంది. ఆరు నెలలకు ఒకసారి డ్రమ్ములు విప్పి పొడి దులిపి, లైనర్లు అద్దంలా మెరుస్తుంటే సాండ్ పేపర్‌తో గీకి, క్యామ్ పిన్నుకు చిటికెడు గ్రీజు పెట్టిస్తే సగం కంప్లయింట్లు ఉండవు. గ్రీజు లైనరుకు అంటితే ఆ జత పారేయాల్సిందే. బ్రేకు ప్లేటు మీద ఒక బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు అది గీతకు చేరితే లైనర్లు అయిపోయినట్టు. లో లెవెల్ వంతెన మీద నీళ్ళలోంచి దాటాక కొంతదూరం బ్రేకు మెల్లగా నొక్కి పట్టుకొని పోతే డ్రమ్ములు ఆరతాయి. లేకుంటే మొదటి మలుపులోనే బ్రేకు లేదని తెలుస్తుంది.

హెడ్‌లైట్ 35 వాట్ల హాలోజన్. వీధి దీపాలున్న చోట పర్వాలేదు. ములుగు దాటి అడవి రోడ్డుకు, పరకాల, నర్సంపేట వైపు ఊరి రోడ్లకు 40 కంటే ఎక్కువ వేగానికి ఆ వెలుగు చాలదు. పెద్ద వాట్ల బల్బు వేస్తే వైరింగు, స్విచ్ కరుగుతాయి. చిన్న బ్యాటరీ, చిన్న మ్యాగ్నెట్, అంతకు మించి ఇవ్వలేవు.

ఇక ఇంజెక్షన్. పొద్దున చోక్ లాగి కిక్కులు కొట్టే బాధ పోయింది, వాన చలిలో కూడా ఒక్క సెల్ఫుకు స్టార్ట్ అవుతుంది, గుంజడం మెత్తగా ఉంది. ఇవి చిన్న మేళ్ళు కావు. దానికి తగ్గ అలవాట్లు మార్చుకోవాలి. తాళం తిప్పాక రెండు సెకండ్లు ఆగి, పంపు గుయ్యిమనే సప్పుడు ఆగాక సెల్ఫు నొక్కాలి. పాత బండికి ట్యాప్ తిప్పితే రిజర్వు వచ్చేది, దీనికి ట్యాప్ లేదు. పంపు ట్యాంకులోనే ఉంటుంది, దాన్ని చల్లబరిచేది పెట్రోలే. రోజూ ముల్లు ఎరుపులో పెట్టుకొని తిరిగితే ఆ పంపు తొందరగా పోతుంది. పెట్రోలు మూత చుట్టూ వాన నీళ్ళు బయటికి పోయే సన్నని రంధ్రం ఉంటుంది. అది మట్టితో పూడితే నీళ్ళు ట్యాంకులోకి దిగుతాయి. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలు నీటిని పట్టుకుంటుంది, అందుకని ఈ రంధ్రం సన్నని తీగతో శుభ్రం చేయడం మరీ ముఖ్యం. 2023 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లు ఈ పెట్రోలుకు తగ్గ రబ్బర్లు, పైపులతో వస్తున్నాయి. పాత కార్బురేటర్ బండ్లకు మాత్రం పెట్రోలు పైపు పగుళ్ళు తరచూ చూసుకోవాలి. నెల రోజులు బండి ఆపేస్తే ట్యాప్ మూసి కార్బురేటర్ గిన్నెలోని పెట్రోలు వదిలేయాలి.

మీటరు మీద ఇంజన్ బొమ్మ లైటు వెలిగితే ఊరి షెడ్డులో వైర్లు పీకించొద్దు. స్కానరు పెడితేనే ఏ సెన్సరో తెలుస్తుంది. ఇదే కొత్త బండి అసలు ధర. పాతదాన్ని స్క్రూడ్రైవరు, పానా ఉన్న ఏ మెకానిక్ అయినా రోడ్డు పక్కన లేపి పంపేవాడు. కొత్తదానికి ఆయిల్, చైన్, బ్రేకు వరకు ఊరి షెడ్డు చాలు, ఆపైన టౌనుకు రావాలి. తాడ్వాయి, మంగపేట లాంటి చోట ఉండేవాళ్ళు ఇది లెక్కలో పెట్టుకొని కొనాలి. నీళ్ళ సర్వీసు చేయించేటప్పుడు ప్రెషర్ గన్ను సీటు కింద వైర్ల జాయింట్లకు, మీటరుకు, ప్లగ్గు క్యాపుకు కొట్టొద్దని ముందే చెప్పాలి. మర్నాడు లైటు వెలిగే బండ్లలో చాలా వాటికి కారణం ఇదే.

న్యూట్రల్‌లో ఐదు సెకండ్లు ఆగితే ఇంజన్ ఆపి, క్లచ్ నొక్కితే మళ్ళీ లేపే ఐ3ఎస్ టౌనులో పనికొస్తుంది. ఊళ్ళో తిరిగే బండికి దాని అవసరం లేదు. బ్యాటరీ మూడో ఏడులో పడితే ఆ స్విచ్ ఆపేయడమే మంచిది. ఇదే బండిలో ఎక్స్‌టెక్ అనే రకంలో ఫోను చార్జింగు, డిజిటల్ మీటరు ఉన్నాయి. దానికంటే ముందు డిస్క్ బ్రేకు వచ్చే ఎక్స్‌టెక్ తీసుకోవడానికి ఎక్కువ కారణం ఉందనుకుంటాను, ఇద్దరు ఎక్కే ఇంటికి మరీనూ.

టైర్లు ఇప్పుడు 80/100-18 ట్యూబ్‌లెస్. తుమ్మ ముల్లు దిగినా గాలి మెల్లగా పోతుంది, ఇంటి దాకా రావొచ్చు. గాలి ముందు 25, వెనక ఒక్కరికి 28, ఇద్దరికి 40 పీఎస్‌ఐ. అందరికీ ఒకే లెక్కన 30 కొట్టే కంప్రెషర్ దగ్గర ఈ అంకెలు మీరే చెప్పాలి. 28 మీద ఇద్దరు కూర్చొని ఎండలో దూరం పోతే టైరు పక్కలు పగులుతాయి. గుంతల్లో పడి రిమ్ము వంగితే అంచు దగ్గర గాలి కారుతుంది. ఊరి పంచర్ షాపులో ట్యూబ్ వేసేద్దామంటారు, అది తాత్కాలికమే, రిమ్ము సాఫు చేయించాలి.

బరువు సంగతి కూడా సూటిగా చెప్పాలి. ఈ బండి మోయాల్సింది మనుషులతో కలిపి 130 కిలోలు. ఇద్దరు పెద్దవాళ్ళు కూర్చుంటేనే అది అయిపోతుంది. ఒక్కరు, ఒక 45 కిలోల యూరియా బస్తా అయితే సరే, అప్పుడు వెనక షాక్ అబ్జార్బర్లు ఐదు మెట్లలో పైమెట్టుకు తిప్పి గాలి పెంచాలి. రెండు బస్తాలు, రెండు వైపులా పాల క్యాన్లు మోస్తే వెనక చక్రాన్ని పట్టుకునే చిమటా బుష్షులు ముందు అరుగుతాయి, వంకరగా లాగుతున్నట్టు బండి వెనక ఊగుతుంది. అట్లాంటి పని రోజూ ఉంటే ఇది సరైన బండి కాదు. ఎన్‌హెచ్ 163 మీద హైదరాబాద్ దాకా పోవడానికి కూడా నేను దీన్ని సిఫారసు చేయను. 60 మీద పోతే ఇంజన్‌కేం కాదు, కానీ లారీని దాటే శక్తి దీనికి లేదు.

స్పేర్లు ప్రతి మండల కేంద్రంలో దొరుకుతాయి, ఇది పెద్ద బలం. అందుకే నకిలీలు కూడా దీనికే ఎక్కువ. క్లచ్ ప్లేట్లు, బ్రేకు లైనర్లు, కేబుళ్ళు, చైన్ కిట్ ఈ నాలుగింటిలో మోసం ఎక్కువ. ప్యాకెట్ మీద పార్టు నంబరు, ఎమ్మార్పీ, హోలోగ్రామ్ చూసి, బిల్లుతో తీసుకొని, పాత పార్టు వెనక్కి అడగాలి. కొత్త బండికి కంపెనీ ఐదేళ్ళు లేదా 70,000 కి.మీ. వారంటీ ఇస్తుంది. అది నిలవాలంటే సర్వీసులు సమయానికి అధీకృత సర్వీస్ సెంటర్‌లోనే చేయించి పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి.

పాత బండి కొనేవాళ్ళు పొద్దున్నే పోవాలి. ముందు ఇంజన్ మీద చేయి పెట్టండి, వేడిగా ఉంటే మీరు వచ్చే ముందే స్టార్ట్ చేసి ఉంచారు. చల్లని ఇంజన్ స్టార్ట్ చేసి పొగ చూడాలి. మెయిన్ స్టాండు మీద ముందు చక్రం లేపి హ్యాండిల్ నెమ్మదిగా తిప్పితే మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) పోయింది. వెనక చక్రం పట్టుకొని పక్కలకు ఊపితే బుష్షులు తెలుస్తాయి. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్‌సీతో పోల్చాలి. ఏపీ 36 బండ్లు చాలావరకు 15 ఏళ్ళు దాటాయి. వాటికి రిజిస్ట్రేషన్ రెన్యువల్, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఉన్నారో లేదో చూడాలి. ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని చెప్పే ఫామ్ 35, ఫైనాన్స్ కంపెనీ ఎన్‌ఓసీ తీసుకోవాలి. బండి పేరు మార్పిడికి కావాల్సిన ఫామ్ 29, 30 మీద సంతకాలు అమ్మేవాళ్ళ ఎదుటే చేయించుకోవాలి, పెండింగు చలాన్లు ఆన్‌లైన్‌లో చూశాకే పైసలు ఇవ్వాలి. మీటరు అంకెను నమ్మొద్దు, పాత బండ్లలో కేబుల్ పీకేస్తే అది ఆగిపోతుంది. బదులుగా కిక్ రాడ్డు రబ్బరు, బ్రేకు పెడలు అంచు, హ్యాండిల్ గ్రిప్పు చూడండి. 20,000 చూపించే బండికి పెడలు మీది గాళ్ళు నున్నగా అరిగిపోయి ఉంటే, ధర ఆ పెడలును బట్టి మాట్లాడండి.